రేకు వంగుతుంది, రంగు వంగదు

అక్కలారా! చెల్లెళ్ళారా!



ఈ పూట చెప్పబోయేది కారు సంగతి. "కారు గొడవ ఆడవాళ్ళకు ఎందుకు?" అనుకోకండి. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఆటో కొన్న ఇళ్ళు ఉన్నాయి. పాత కారు కొని బాడుగకు తిప్పుకునే ఇళ్ళూ ఉన్నాయి. బండి నడిపేది మగవాడే కావచ్చు. కానీ సంఘంలో సంతకం పెట్టింది ఇల్లాలు. నెల నెలా వాయిదా కట్టేదీ ఇల్లాలే. బండి ఆగిందంటే పొయ్యి మీద కుండ కూడా ఆగుతుంది. అందుకని బండి మంచీ చెడూ ఇల్లాలికీ తెలియాలి.

అలాంటి ఒక ఇంటి కథ వినండి.

గర్‌ర్‌మని చప్పుడు

ఒక ఊళ్ళో భార్యాభర్తలు ఉన్నారు. ఆయన డ్రైవరు. ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంది. రాత్రి బడికి పోయి చదువు నేర్చుకుంది. ఇద్దరూ కలిసి సంఘం అప్పుతో ఒక పాత చిన్న కారు కొన్నారు. ఆసుపత్రికి, పెళ్ళిళ్ళకు, రైలు స్టేషనుకు బాడుగలు దొరుకుతున్నాయి.

ఒకరోజు సందు మలుపులో కారు వెనక భాగం రాతి స్తంభానికి ఒరుసుకుంది. కుడి వైపు వెనక చక్రం పైన చిన్న గీత పడింది. "ఇంతేగా" అనుకున్నాడు ఆయన. కానీ ఆ మర్నాటి నుంచి కొత్త చప్పుడు మొదలైంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే చాలు. గతుకులో పడ్డప్పుడల్లా గర్‌ర్‌మని చప్పుడు.

ఒక రాత్రి నొప్పులు పడుతున్న అమ్మాయిని ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చింది. దారి పొడుగునా అదే చప్పుడు. చివరికి రబ్బరు కాలిన వాసన కూడా వచ్చింది. దేవుడి దయ, టైరు పేలలేదు. అమ్మాయి క్షేమంగా ఆసుపత్రి చేరింది.

తెల్లవారి ఇల్లాలు టైరు చుట్టూ చెయ్యి పెట్టి తడిమింది. టైరు భుజం మీద చుట్టూ గీత. కత్తితో కోసినట్టు ఉంది.

"ఏమయ్యా, ఇది చూశావా? రాత్రి నడిదారిలో పేలి ఉంటే ఏమయ్యేది? బండిలో రెండు ప్రాణాలున్నాయి" అంది.

ఆయనకు నోట మాట రాలేదు.

అంచు ఎందుకు ఉంటుంది?

టైరును కోసింది ఏమిటి? అది తెలియాలంటే కారు చక్రం పైన కమానులా ఉండే రేకును చూడాలి. దాన్ని కొందరు మడ్గార్డు అంటారు, కొందరు ఫెండరు అంటారు. ఆ రేకు చాలా పలుచన. ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. దాని కింది అంచును లోపలికి, అంటే టైరు వైపుకు, వేలెడు వెడల్పున మడుస్తారు.

ఎందుకు మడుస్తారు? జాకెట్టు చేతికి అంచు మడిచి ఎందుకు కుడతారు? మడవకపోతే గుడ్డ పీలికలవుతుంది. గిన్నె అంచు ఎందుకు తిప్పుతారు? తిప్పకపోతే గిన్నె సొట్టలు పోతుంది, చెయ్యి కోసుకుంటుంది. కారు రేకూ అంతే. అంచు మడిస్తేనే రేకుకు బలం.

మామూలుగా ఈ అంచుకూ టైరుకూ మధ్య ఖాళీ ఉంటుంది. స్తంభానికి ఒరుసుకున్నప్పుడు ఈ కారు రేకు కాస్త లోపలికి నొక్కుకుంది. దాంతో అంచు టైరు దగ్గరకు జరిగింది. బరువు పడి కారు దిగినప్పుడల్లా అంచు టైరును కోస్తోంది.

ఆ అంచును ఇంకాస్త పైకి మడిస్తే టైరుకు తగలదు. ఇంతే పని. కానీ చేసే తీరు తెలియాలి.

తొందరపడితే ఏమైంది?

ఆయన వెంటనే సుత్తి తీశాడు. చలికాలం, తెల్లవారుజాము. రేకు మంచులా చల్లగా ఉంది. టక్, టక్, టక్. మూడు దెబ్బలు వేశాడు. అంచు కొంచెం వంగింది. కానీ పై రంగు రూపాయి బిళ్ళంత పెచ్చు ఊడి కింద పడింది.

"ఆపవయ్యా! ఒకటి బాగు చెయ్యబోయి ఇంకోటి పాడు చేస్తున్నావు" అని ఆమె సుత్తి లాక్కుంది.

పెచ్చు పోతే ఏమవుతుంది, అందానికే కదా అనుకోవచ్చు. కాదు. రంగు రేకుకు చీర లాంటిది. ఇనుముకు గాలి, నీరు తగలకుండా కాపాడేది అదే. రంగు పోయిన చోట తుప్పు పడుతుంది. ఆ తుప్పు అక్కడే ఆగదు. చెద పురుగులా రంగు కింద నుంచి పాకుతుంది. సముద్రం దగ్గర ఊళ్ళలో ఉప్పు గాలికి ఇంకా తొందరగా పాకుతుంది. పైగా వెనక చక్రం పైన రేకు విడిగా రాదు. కారు ఒంటితో కలిసి ఉంటుంది. అది తుప్పు పట్టి చిల్లు పడితే కోసి అతకాలి. ఖర్చు ఎక్కువ.

మేస్త్రీ అడిగిన ప్రశ్నలు

ఆమె కారు రేకు పని చేసే ముసలి మేస్త్రీ దగ్గరకు పోయింది. సంగతి చెప్పింది.

"బాబాయ్, మేమే ఇంట్లో చేసుకోవచ్చా?" అని అడిగింది.

"చేసుకోవచ్చు అమ్మాయ్. కానీ ముందు నాలుగు సంగతులు చూసి రా. అప్పుడు పని మొదలుపెడదాం" అన్నాడు మేస్త్రీ.

మొదటిది, టైరు కొలత. కంపెనీ చెప్పిన టైరే వేశారా? డ్రైవరు తలుపు తెరిస్తే అక్కడ ఒక కాగితం అంటించి ఉంటుంది. దాని మీద టైరు కొలత, గాలి కొలత రాసి ఉంటాయి. ఆమె కూడబలుక్కుని చదివింది. 145/80 ఆర్ 12. తర్వాత టైరు మీద చదివింది. అక్కడా 145/80 ఆర్ 12. రెండూ ఒకటే.

ఆ అంకెలకు అర్థం ఏమిటి? 145 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే టైరు గోడ ఎత్తు, వెడల్పులో నూటికి 80 వంతు. ఆర్ అంటే రేడియల్ రకం టైరు. 12 అంటే లోపలి ఇనుప చక్రం అడ్డు కొలత, అంగుళాల్లో. దీని బదులు 165 టైరు వేస్తే వెడల్పు 20 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే ఒక్కో పక్క 10 మిల్లీమీటర్లు. అప్పుడు అంచుకు తగిలితే తప్పు అంచుది కాదు, టైరుది. అంచు మడవటం కాదు, టైరు మార్చాలి.

రెండోది, స్ప్రింగు. స్ప్రింగు కుంగితే కారు ఒక వైపు దిగుతుంది. అప్పుడూ టైరు తగులుతుంది. ఆమె కారును చదును నేల మీద పెట్టించింది. బట్టలు కొలిచే టేపుతో నేల నుంచి కమాను దాకా రెండు వైపులా కొలిచింది. కొలతలు సమానంగా ఉన్నాయి. స్ప్రింగు బాగానే ఉంది.

మూడోది, అంచు. ఆమె వేలితో అంచు పొడవునా మెల్లగా తడిమింది. జానెడు మేర అంచు టైరు వైపుకు తోసుకొచ్చింది. దొంగ దొరికింది.

నాలుగోది, పుట్టీ. పాత కారు కదా. ఇంతకు ముందు సొట్టలు పూడ్చి పుట్టీ పెట్టి ఉండొచ్చు. గోడకు పెట్టే లప్పం లాంటిదే ఇది. ఎంత వేడి చేసినా పుట్టీ వంగదు, పగులుతుంది. అది తెలుసుకునేది ఎలా? పలుచని గుడ్డలో అయస్కాంతం చుట్టి రేకుకు ఆనించాలి. ఇనుము అయితే పట్టి లాగుతుంది. మందంగా పుట్టీ ఉంటే పట్టదు. ఆమె చూసింది. అయస్కాంతం అంతటా గట్టిగా పట్టుకుంది.

ఇవన్నీ విని మేస్త్రీ తల ఊపాడు.

"ఒక్క మాట గుర్తుపెట్టుకో అమ్మాయ్. రేకు వంగుతుంది, రంగు వంగదు. రంగును వంగనిచ్చేది వేడి. బెల్లం పాకం వేడిగా ఉంటే సాగుతుంది కదా? చల్లారితే ఫట్‌మని విరుగుతుంది. రంగు కూడా అంతే" అన్నాడు.

తన దగ్గర ఉన్న రోలరు పనిముట్టును ఒక పూటకు అద్దెకు ఇచ్చాడు. వేడి గాలి ఊదే మిషను కూడా ఇచ్చాడు.

రోలరు అంటే ఏమిటి? ఒక ఇనుప చెయ్యి. దాని చివర అప్పడాల కర్ర ముక్క లాంటి గట్టి ప్లాస్టిక్ ఉండ. చక్రం విప్పి, ఆ చోట ఇనుప చేతిని నట్లతో బిగిస్తారు. చేతిని అటూ ఇటూ తిప్పితే ఉండ అంచును నొక్కుతూ దొర్లుతుంది. అప్పడం పిండిని ఒక్కసారే నొక్కితే చిరుగుతుంది. పది సార్లు మెల్లగా ఒత్తితే చక్కగా సాగుతుంది. ఇదీ అలాంటి పనే.

ఎలా చేశారు?

భార్యాభర్తలు మధ్యాహ్నం ఎండ పూట పని మొదలుపెట్టారు. ఒక్కో పని వరసగా వినండి.

1. కారును గట్టి చదును నేల మీద పెట్టారు. గేరులో వేశారు. హ్యాండ్ బ్రేకు లాగారు. వెనక చక్రం లేపుతున్నారు కాబట్టి ముందు చక్రాలకు అటూ ఇటూ రాళ్ళు అడ్డం పెట్టారు.

2. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేశారు. తర్వాత జాకీతో లేపారు. జాకీ పక్కన ఇనుప స్టాండు పెట్టారు. విప్పిన చక్రాన్ని కూడా కారు కిందికి తోశారు. ఒక్క జాకీని నమ్మి కారు కింద చెయ్యి గానీ తల గానీ పెట్టకూడదు. జాకీ జారితే ప్రాణం పోతుంది.

3. అంచు లోపల పేరుకున్న మట్టిని సబ్బు నీళ్ళతో, పాత పళ్ళ బ్రష్షుతో కడిగారు. పొడి గుడ్డతో తుడిచారు. ఇసుక ఉంటే రోలరు కింద పడి రంగును గీరుతుంది.

4. పెట్రోలు పోసే మూత ఏ వైపు ఉందో చూశారు. ఈ కారుకు ఎడమ వైపు ఉంది. పని కుడి వైపు. ఫరవాలేదు. పెట్రోలు గొట్టం ఉన్న వైపు అయితే వేడి మిషను పెట్టకూడదు. ఆ పని మేస్త్రీకే వదిలెయ్యాలి.

5. చక్రం చోట రోలరు బిగించారు. ఉండ అంచుకు ఆనేలా ఇనుప చెయ్యి పొడవు సరిచేశారు.

6. ఆమె వేడి మిషను పట్టుకుంది. రేకుకు జానెడు దూరంలో ఉంచి అటూ ఇటూ ఆడిస్తూనే ఉంది. ఒకే చోట ఆపితే రంగు పొంగి బొబ్బలెక్కుతుంది. బయట రంగుకూ, లోపల అంచుకూ వేడి తగలాలి. సుమారు 60 డిగ్రీలు చాలు. చేత్తో తాకితే వెంటనే తీసెయ్యాలి అనిపించేంత వేడి. మంట మాత్రం పెట్టకూడదు. స్టవ్వు, కాగడా అసలే వద్దు.

7. ఆయన రోలరును మెల్లగా తిప్పాడు. ముందు ఉత్తి ఆనింపు. నాలుగైదు సార్లు అటూ ఇటూ. తర్వాత ఇనుప చేతిని కొద్దిగా పొడవు చేశాడు. మళ్ళీ వేడి. మళ్ళీ నాలుగైదు సార్లు.

మధ్యలో ఆయనకు విసుగొచ్చింది. "ఇట్లా అయితే సాయంత్రం అవుద్ది. ఒక్కసారి గట్టిగా తిప్పేస్తాను" అన్నాడు.

"పొద్దున గట్టిగా కొట్టావుగా, ఏమైంది? రేకు చల్లారింది, ఆగు. వేడి చెయ్యనీ" అంది ఆమె.

ఆయన నవ్వి ఆగాడు.

8. ప్రతి విడతకూ ఆమె బ్యాటరీ లైటు వేసి రంగు చూసింది. వెంట్రుకంత పగులు కూడా లేదు. అరచేత్తో బయట రేకును తడిమింది. గట్టిగా నొక్కితే రేకు బయటికి ఉబ్బుతుంది. ఉబ్బు లేదు.

9. అంచు టైరుకు తగలనంత మేర వంగగానే ఆపేశారు. పూర్తిగా పైకి నొక్కి అతికించలేదు. అలా నొక్కితే మడత మధ్యలో బురద, నీళ్ళు నిలిచి తుప్పు పడుతుంది. చాలు అనుకున్న చోట ఆగటం కూడా పనితనమే.

రెండు గంటలు పట్టింది. రంగు చెక్కుచెదరలేదు. పొద్దున సుత్తి దెబ్బకు ఊడిన రూపాయి బిళ్ళంత పెచ్చు మాత్రం అలాగే ఉంది.

పని అయ్యాక పని

ఆ పెచ్చును ఆ రోజే చూసుకున్నారు. సన్న ఉప్పు కాగితంతో మెల్లగా రుద్దారు. తుడిచారు. తుప్పు పట్టకుండా ప్రైమరు పూశారు. ఆరాక కారు రంగు పూశారు.

ఇంకొక సంగతి ఉంది. వెనక అంచులో రెండు రేకులు కలిసి ఉంటాయి. చుక్క చుక్కగా వెల్డింగు చేసి కలుపుతారు. నీళ్ళు దూరకుండా ఆ అతుకు మీద బంక లాంటి సీలు ఉంటుంది. అంచు మడిచినప్పుడు ఆ సీలు అక్కడక్కడ చిట్లొచ్చు. చిట్లిన చోట ప్రైమరు పూసి, మళ్ళీ సీలు పెట్టాలి. లేకపోతే వానాకాలంలో నీళ్ళు లోపలికి దూరుతాయి. ఈ పనికి మేస్త్రీ తనే వచ్చి చూసి పోయాడు.

కోసుకుపోయిన టైరును కూడా మేస్త్రీ చూశాడు. కోత లోపల నారలు కనిపిస్తున్నాయి.

"నారలు కనిపిస్తే ఆ టైరు పని అయిపోయినట్టే. అతుకులు వెయ్యొద్దు. దీంతో మనుషుల్ని ఎక్కించుకోవద్దు" అన్నాడు.

స్టెప్నీ బిగించారు. నట్లను ఎదురెదురుగా ఒకదాని తర్వాత ఒకటి బిగించారు. కారు దించాక మళ్ళీ గట్టిగా బిగించారు. కొత్త టైరు కొనటానికి ఆమె సంఘంలో చిన్న అప్పు అడిగింది. కొనేటప్పుడు కొట్టులో తనే అంకెలు చదివి, అదే కొలత టైరు తీసుకుంది.

చివరికి ఒక పరీక్ష పెట్టారు. ముగ్గు పిండిని తడిపి అంచుకు పూశారు. వెనక సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టారు. గతుకుల దారిలో మెల్లగా పోయి వచ్చారు. దిగి చూస్తే ముగ్గు పిండి చెదరలేదు. టైరు మీద తెల్ల మరక లేదు. చప్పుడూ లేదు. మర్నాడు నట్లు ఇంకోసారి బిగించుకుని బాడుగకు పోయాడు ఆయన.

సోకు కోసం చేసేవాళ్ళు

ఈ రోలరు పనిని సోకు కోసం చేసేవాళ్ళు కూడా ఉన్నారు. అమెరికా, జపాన్ దేశాల్లో కొందరు కుర్రవాళ్ళు కారును నేలకు దించి, వెడల్పు చక్రాలు వేసుకుంటారు. అవి తగలకుండా అంచులు మడుచుకుంటారు. రోలరు దొరకకపోతే, బేస్‌బాల్ ఆటలో వాడే గుండ్రటి కర్రను టైరుకూ అంచుకూ మధ్య పెట్టి కారును తోస్తారు. చిన్న రోకలి పెట్టినట్టు అన్నమాట. ఆ పద్ధతిలో రేకు వంకర పోవచ్చు, చెయ్యి నలగొచ్చు.

అది చూసి ఇక్కడి పిల్లలు కూడా సరదా పడుతున్నారు. ఇళ్ళల్లో తల్లులు ఒక మాట చెప్పాలి. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షను ఉంది. కంపెనీ చేసిన తీరుకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. దెబ్బ తగిలిన అంచును సరిచేసుకోవటం వేరు. సోకు కోసం పెద్ద టైర్లు తొడిగి అంచులు నొక్కటం వేరు.

చివరి మాట

అక్కలారా! చెల్లెళ్ళారా!

ఆ ఇల్లాలు మెకానిక్కు కాదు. ఆమె దగ్గర ఉన్నవి ఏమిటి? అంకెలు చదివే చదువు. బట్టలు కొలిచే టేపు. ఒక అయస్కాంతం. గుప్పెడు ముగ్గు పిండి. పని తెలిసిన పెద్దమనిషిని అడిగే నోరు. "ఆగు, చల్లారింది" అని చెప్పే ధైర్యం.

సుత్తి దెబ్బకు మూడు నిమిషాలు పట్టలేదు. ఆ పెచ్చు మచ్చ మాత్రం కారు మీద ఇప్పటికీ తెలుస్తుంది. ఓపికగా చేసిన పనికి రెండు గంటలు పట్టింది. అది ఎక్కడ చేశారో చూపించమంటే కూడా కనిపించదు.

మీ ఇంట్లో ఆటో ఉన్నా, కారు ఉన్నా, ఈ రోజు ఇంటికి పోగానే ఒక పని చెయ్యండి. టైరు మీద రాసిన అంకెలు చదవండి. బండితో వచ్చిన కాగితం మీద అంకెలు చదవండి. రెండూ ఒకటేనా? చూసి పలక మీద రాసుకోండి. తర్వాత టైరు చుట్టూ ఒకసారి చెయ్యి పెట్టి తడమండి.

ఆ బండిలో ఎక్కేది ఎవరో పరాయివాళ్ళు మాత్రమే కాదు. మన పిల్లలు కూడా ఎక్కుతారు.

సెలవు.